జింక వంగలేకపోయిన శనివారం

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం కమిటీ వాళ్ళు ఫోన్ చేసి సంచికకు రెండు పేజీలు రాయమన్నారు. విషయం కూడా వాళ్ళే ఇచ్చారు: 'మన కాలపు గట్టితనం, నేటి పిల్లల సుకుమారం'. మన వాట్సాప్ గ్రూపులో ఏడాదిగా నడుస్తున్న మాటే ఇది. చెప్పుల్లేకుండా నాలుగు మైళ్ళు నడిచాం, చిమ్నీ దీపం ముందు చదివాం, గట్క తిని, బోరింగు నీళ్ళు తాగి ఇనుములా తయారయ్యాం. మన మనవళ్ళకేమో ఏసీ లేకపోతే నిద్ర రాదు, ఫిల్టరు నీళ్ళు కాకపోతే జలుబు చేస్తుంది. లంబు పెట్టిన ఆ మెసేజికి గ్రూపంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఎందుకో అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను.

1979 బ్యాచ్ వాళ్ళకు రావిచెట్టు గురించీ, హిందీ సారు సైకిలు గురించీ, పబ్లిక్ పరీక్షకు ముందు రాత్రి రేడియోగాడు చేసిన పని గురించీ కొత్తగా చెప్పేదేమీ లేదు. అవన్నీ మిగతావాళ్ళు రాస్తారు. ఎనిమిదో తరగతిలో ఒక్క రోజు కూడా నాకు గుర్తు లేదు. తొమ్మిదిలో ఒక శనివారం మాత్రం మొన్న జరిగినట్టే ఉంది.

సైన్స్ సారు మన బడికి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. డ్రిల్లు పీరియడు అడిగి తీసుకున్నారు. అందరం కబడ్డీ అనుకుని సంబరపడ్డాం. జెండా కర్ర దగ్గర వరసగా నిలబెట్టి మూడు పనులు చేయమన్నారు. మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు ముట్టుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనించాలి. చేతులు రెండు పక్కలకూ చాపి, మోచేతులు మడిచి తల వెనక పట్టుకోవాలి. ఇదేం ఆట అని గోలీ గొణుగుతూనే ఉన్నాడు.

జింక వంగలేకపోయాడు. ఐదో తరగతి నుంచీ పరుగు పందెంలో ఎవర్నీ ముందుకు పోనివ్వని జింక. వాడి వేళ్ళు మోకాళ్ళ కిందికి జానెడు దిగి అక్కడే ఆగిపోయాయి. ఇంకా కిందికి తోయబోతే మొహం ఎర్రబడింది, మోకాళ్ళు వాటంతటవే వంగాయి. మనమందరం నవ్వాం. నేనూ నవ్వాను. సారు నవ్వలేదు. వాడి దగ్గరకెళ్ళి నడుము మీద చెయ్యి వేసి నిమిషం సేపు అలాగే ఉంచారు. తర్వాత పళ్ళు చూపించమన్నారు. గార. మనలో సగం మందికి గారే, అది గారని కూడా మనకు తెలియదు. పళ్ళంటే అలాగే ఉంటాయనుకున్నాం.

"ఏ బోరింగు నీళ్ళు తాగుతవురా?" అని అడిగారు సారు.

సోమవారం ఎవరి ఊరి నీళ్ళు వాళ్ళం సీసాల్లో తెచ్చాం. మూతలు లేనివాళ్ళు కంకి బెండు కొట్టి తెచ్చారు. చీటీల మీద వట్టిపల్లి, శివన్నగూడెం, బట్లపల్లి అని మా అక్షరాలతో రాయించి, గోనె సంచిలో సర్దుకుని సారు తన డబ్బులతో బస్సెక్కి నల్లగొండ పోయారు. ఎన్ని వారాలకు వచ్చాయో గుర్తు లేదు గానీ రిపోర్టులు వచ్చాయి. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళకు గార పడుతుందని, ఎముకలూ కీళ్ళూ బిగుసుకుపోతాయని, ఆ శనివారం చేయించిన మూడు పనులూ అది చూడడానికేనని సారు అప్పుడు చెప్పారు. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని బోర్డు మీద రాశారు. దాని పక్కన మన ఊళ్ళ పేర్లు, అంకెలు రాశారు. ఒక్క ఊరు కూడా ఒకటిన్నర లోపల లేదు. ఆ నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. అద్దంలా మెరిసే నీళ్ళు. కాచినా ఫ్లోరైడు పోదని, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుందని చెప్పినప్పుడు క్లాసంతా చప్పుడు లేకుండా అయిపోయింది.

తర్వాత బకెట్టు వచ్చింది. నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించడానికి నాగపూర్‌లోని 'నీరి' (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. సున్నం, పటిక, చిటికెడు బ్లీచింగ్ పౌడరు వేసి, కర్రతో ముందు గబగబా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. నాకు తిప్పే వంతు వచ్చిన రోజు నీళ్ళు చూస్తుండగానే మబ్బుపట్టాయి. విరిగిన పాలలాంటి తెల్లటి తునకలు పుట్టి, ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి కిందికి దిగడం మొదలుపెట్టాయి. గంట సేపట్లో పైన తేటనీళ్ళు, అడుగున బెత్తెడు మడ్డి. చేతికి రెండు రోజులు సున్నం వాసన పోలేదు. చదువుకుంటే చేతికి ఒక పని వస్తుందని నాకు మొదటిసారి అనిపించింది ఆ బకెట్టు ముందే.

ఆ బకెట్టు పట్టుకునే సారు రచ్చకట్ట దగ్గరికి వెళ్ళారు. మనం వెనకాల వెళ్ళాం. పెద్దమనుషులు వినలేదు. "మా తాతలు తాగలేదా సారూ? మేం తాగుతలేమా? ఈ నీళ్ళు తాగే రాళ్ళలెక్క ఉన్నం. మీ పట్నపోళ్ళ కడుపులకే ఇవన్నీ కావాలె" అన్నారు. సారు గొంతు పెంచలేదు. "మీ తాతలు బాయి నీళ్ళు తాగిండ్రు పెద్దయ్యా, బోరు నీళ్ళు కాదు" అన్నారు. మెట్ల బావుల్లో నారికురుపు భయం ఉండేది, అందుకే బోరింగు వస్తే అందరం పండగ చేసుకున్నాం. అది సౌకర్యమే. కానీ బోరు లోతుకు పోయిన కొద్దీ రాయిలోని ఫ్లోరైడు నీళ్ళలో ఎక్కువ కలుస్తుంది. ఆ ముక్క అర్థం చేసుకున్నవాడు ఆ రోజు రచ్చకట్ట మీద ఒక్కడూ లేడు.

'మేం తాగి బతకలేదా' అన్న మాట మళ్ళీ నలభై ఆరేళ్ళకు మన గ్రూపులో, మన నోటితోనే వినబడింది. అందుకే చప్పట్లు కొట్టలేకపోయాను.

మనం గట్టివాళ్ళమే, కాదనను. కానీ లెక్క సరిగ్గా వేద్దాం. ఆరో తరగతిలో మనం రెండు సెక్షన్లు. పదో తరగతికి ఒక్కటే మిగిలింది. ఆడపిల్లలు రెండు బెంచీల నుంచి ఒక బెంచీకి వచ్చారు, అందులోనూ చివరి చోటు ఖాళీ. మిగిలిన వాళ్ళం గ్రూపులో ఉన్నాం, ఫంక్షన్ హాలు బుక్ చేసుకుంటున్నాం, కష్టం మనల్ని గట్టిపరిచిందని రాసుకుంటున్నాం. కష్టం ఎవర్ని మధ్యలోనే మింగేసిందో వాళ్ళు గ్రూపులో లేరు, మెసేజి పెట్టరు. జింక పది పాసయ్యాడు గానీ కాలేజీకి పోలేదు. నలభై ఏళ్ళకే చేతికర్ర వచ్చింది. ఇప్పుడు మెడ పక్కకు తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆ గట్టితనం వాడి ఎముకల్లో ఉంది. అది ఎవరికి కావాలి?

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరు) చేరాను. పోయినేడు డీఈగా రిటైరయ్యాను. నల్లగొండ చుట్టుపక్కలే ఎక్కువ సర్వీసు చేశాను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మన నీళ్ళ గోస దేశానికి వినిపించాలని జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి 480 మంది నిలబడితే, బ్యాలెట్టు పేపరు పుస్తకమంత అయింది. మన బ్యాచ్ నుంచి ఎవరు నామినేషన్ వేశారో మీకు తెలుసు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించిన తర్వాత మా శాఖలో నిద్రపోయిన రాత్రులు తక్కువ. మన బడి వెనక గుట్ట పక్కన పైపు టెస్టింగ్ జరిగిన రోజు ఒక జాయింటు దగ్గర నీళ్ళు చిమ్మి నా చొక్కా మొత్తం తడిసింది. కృష్ణమ్మ నీళ్ళు. అలాగే నిలబడిపోయాను.

ఇక పిల్లల మాట. మా చిన్నది కూలరు కింద పెరిగింది, ఏనాడూ బిందె మోయలేదు. స్టాఫ్ నర్సు. 2021 మేలో కరోనా వార్డులో పీపీఈ కిట్టు వేసుకుంటే డ్యూటీ అయ్యేదాకా చుక్క నీరు తాగడానికి ఉండేది కాదు. ఇంటికొచ్చేసరికి ముక్కు మీద మాస్కు కోసుకున్న గీత ఉండేది. వాళ్ళమ్మ ఏడ్చి మానేయమంటే, "నేను మానేస్తే పదిహేడో బెడ్డు తాతకు ఎవరున్నారమ్మా?" అని మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ ధైర్యం నాకు ఆ వయసులో ఉండేదని చెప్పలేను.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పధ్నాలుగు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల, గురుకులంలో చదివింది. కొండ ఎక్కడం మొదట నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. గురుకులం, నేర్పే మనుషులు, తాడు, బూట్లు దొరికాయి. పేదరికం ఒక్కటే శిఖరం ఎక్కించేదైతే మన బ్యాచ్ మొత్తం ఎక్కాలి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. మన పిల్లలు ఎండలో ఆడడం తక్కువైంది. కరెంటు పోతే చుట్టుపక్కల వాళ్ళతో అరుగు మీద కూర్చోవడం వాళ్ళకు తెలియదు. ఓడిపోయి ఇంటికొచ్చి మర్నాడు మళ్ళీ ఆడే ఓపిక కొందరిలో తగ్గింది. అది నేర్పాల్సింది మనం. మంచినీళ్ళూ చెప్పులూ ఇచ్చి కూడా నేర్పొచ్చు. సైన్స్ సారు మనకు ఎండలో నిలబడడం నేర్పారు, బకెట్టూ తెచ్చారు.

సారు పోయి పదేళ్ళు దాటింది. కమిటీ వాళ్ళు స్టేజీ మీద ఫొటో పెడుతున్నారని విన్నాను. పక్కన ఒక బకెట్టు కూడా పెట్టమని నా విన్నపం. కర్ర నేను తెస్తాను.

పోయిన నెల కార్డు ఇవ్వడానికి జింక ఇంటికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. లేవబోతే వద్దన్నాను. నల్లా దగ్గర వాడి మనవరాలు చెంబులో నీళ్ళు పట్టి తెచ్చింది. ఐదో తరగతట. నవ్వితే పళ్ళ మీద గార మచ్చ కూడా లేదు. ఏమనిపించిందో, ఆ పిల్లను వాకిట్లో నిలబెట్టి సారు చెప్పిన మూడు పనులు చేయమన్నాను. గడ్డం రొమ్ముకు ఆనించింది. చేతులు తల వెనక పెట్టింది. మోకాళ్ళు వంచకుండా వంగి, వేళ్ళు కాదు, రెండు అరచేతులూ సిమెంటు గచ్చుకు ఆనించి, జుట్టు కిందికి వేలాడుతుండగా అలాగే తలెత్తి మా ఇద్దర్నీ చూసి నవ్వింది.

జింక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కర్ర మీదికి వాలి, "ఇంకోసారి చెయ్యి బిడ్డా" అన్నాడు.