డీకిర్ష్‌లో ఒక జనవరి రాత్రి

లక్సెంబర్గ్‌కు వచ్చిన ఈ నాలుగేళ్ళలో డీకిర్ష్ అనే చిన్న ఊళ్ళోని జాతీయ సైనిక చరిత్ర మ్యూజియాన్ని మూడుసార్లు చూశాను. 2020 మార్చి నుంచి ఈ దేశంలో రైలుకూ బస్సుకూ టికెట్ అక్కర్లేదు కాబట్టి వెళ్ళిరావడం పెద్ద పని కాదు. ఒకప్పుడు బీరు తయారుచేసిన భవనంలో నడిచే ఈ మ్యూజియంలో నన్ను మళ్ళీ మళ్ళీ రప్పించేవి నిలువెత్తు మనిషి బొమ్మలతో, ఆనాటి అసలైన దుస్తులతో, సామగ్రితో కూర్చిన యుద్ధ దృశ్యాలు. వీటిని డయోరమాలంటారు. బొమ్మల కొలువు పేర్చే ఇంట్లో పెరిగినవాణ్ణి కనుక, ఒక్కొక్క వస్తువును ఎక్కడ ఉంచాలో ఆలోచించి పెట్టిన చేతుల శ్రద్ధ నాకు వెంటనే తెలిసింది.

1944 సెప్టెంబరులో అమెరికన్ సేనలు రావడంతో ఈ ప్రాంతం నాలుగేళ్ళ జర్మన్ ఆక్రమణ నుంచి బయటపడింది. యుద్ధం తమ గడప దాటి వెళ్ళిపోయిందని జనం నమ్మారు. డిసెంబరు 16న జర్మన్లు ఆర్డెన్ అడవుల మీదుగా హఠాత్తుగా విరుచుకుపడ్డారు. దాదాపు నలభై రోజులు సాగిన ఆ పోరులో సుమారు 19,000 మంది అమెరికన్ సైనికులు మరణించారు. డీకిర్ష్ జనం నడి చలికాలంలో ఊరు విడిచి పోవలసివచ్చింది.

మ్యూజియంలోని ప్రధాన దృశ్యం 1945 జనవరి 18 తెల్లవారుజామున జరిగిన నది దాటింపు. మంచు పేరుకున్న సూర్ నది ఒడ్డున, ముందుగా ఫిరంగులు పేల్చకుండా, శత్రువుకు అలికిడి తెలియకుండా, మూడు గంటల వేళ అమెరికన్ 5వ పదాతి డివిజన్ సైనికులు పడవలను నీటిలోకి దించారు. మంచులో కలిసిపోవడానికి ఆ చలికాలంలో సైనికులు దుప్పట్లూ పక్కగుడ్డలూ కూడా ఒంటికి చుట్టుకున్నారు. ఆ ప్లైవుడ్ పడవ ఒక్కొక్కటీ 180 కిలోలకు పైగా తూగేది. చేతులు కొయ్యబారిన మనుషులు దానిని జారే గట్టు మీదుగా మోసుకుపోవడమే ఆ రాత్రి యుద్ధంలో మొదటి ఘట్టం. యుద్ధమనగానే మన కళ్ళముందు మెదిలేది తుపాకి పేల్చే క్షణం. ఈ దృశ్యం ముందు నిలబడినప్పుడు, సైనికుడి జీవితంలో ఎక్కువ భాగం బరువు మోయడం, తడవడం, ఎదురుచూడడం అని నాకు అర్థమైంది. తడిసిన బూట్లలో పాదాలు పాడై వెనక్కి పంపవలసివచ్చినవారు కూడా ఆ చలికాలంలో వేల సంఖ్యలో ఉన్నారు.

ఇలాంటి మ్యూజియాలు యూరప్‌లో చాలా ఉన్నాయి కానీ అన్నీ ఒక్కటి కావు. బట్టల దుకాణం బొమ్మకు యూనిఫాం తొడిగి నిలబెట్టినచోట ఆ నునుపైన ముఖం మొత్తం నమ్మకాన్ని చెరిపేస్తుంది. నేను ముందుగా బూట్లు చూస్తాను. బురద అంటని బూట్లున్న దృశ్యం దగ్గర ఎక్కువసేపు నిలవలేను. బెల్జియంలోని లా గ్లేజ్ మ్యూజియం ముందు, జర్మన్లు వదిలి కాలినడకన పారిపోయిన 213 నంబరు కింగ్ టైగర్ ట్యాంకు నిలిచి ఉంది. అంతటి ట్యాంకు కన్నా లోపలి చిన్న దృశ్యాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

డీకిర్ష్‌లో నేను మెచ్చుకునే మరో గుణం, జర్మన్ సైనికుడినీ ఊరి జనాన్నీ కూడా అంతే శ్రద్ధతో చూపించడం. 1942 నుంచి జర్మన్లు 1920, 1927 మధ్య పుట్టిన లక్సెంబర్గ్ యువకులను, 10,000 మందికి పైగా, బలవంతంగా తమ సైన్యాలలో చేర్చుకున్నారు. అందువల్ల ఇక్కడి కుటుంబాలకు ఆ యూనిఫాం తొడిగిన బొమ్మ శత్రువు మాత్రమే కాదు, తిరిగిరాని మేనమామ కూడా కావచ్చు.

ఊరు విడిచిపోయిన జనం గురించి చదువుతున్నప్పుడు నాకు మా నానమ్మ గుర్తుకొచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు, పొయ్యి మీది అన్నం దించకుండానే ఇల్లు వదిలి బంధువుల పల్లెకు బయలుదేరామని ఆవిడ చెప్పేది. ఆ పొయ్యినీ ఆ అన్నం గిన్నెనీ అలా నిలువెత్తుగా చూపించే గది మన దగ్గర ఒక్కటైనా ఉండాలని నా గట్టి కోరిక.

మనకు ఉన్నది కుర్సురా. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ జలాంతర్గామి, 2002 నుంచి విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. చిన్నప్పుడు నాన్నగారు నన్ను అక్కడికి తీసుకువెళ్ళారు. ఇరుకైన గదుల్లో నావికుల బొమ్మలు చూసి, ఇంత చోటులో మనిషి ఎలా పడుకుంటాడని అడిగాను. అక్కడ చోటు అసలుది, మనుషులు బొమ్మలు. డీకిర్ష్‌లో బట్టలూ ఆయుధాలూ అసలువి, చోటు మళ్ళీ కట్టినది. మనిషి ఒంటి కొలత కళ్ళముందు ఉన్నప్పుడే ఆ రెండింటికీ అర్థం వస్తుంది.

మూడోసారి బయటికి వచ్చాక నది దాకా నడిచాను. సూర్ వెడల్పు మన గోదావరి డెల్టాలోని పెద్ద పంటకాలువను మించదనిపించింది. వచ్చే జనవరిలో నాన్నగారు ఇక్కడికి వస్తున్నారు. ముందు ఆయనకు ఆ నదిని చూపించి, ఆ తరువాతే మ్యూజియంలోకి తీసుకువెళ్ళాలనుకుంటున్నాను.