మా సార్ చివరి క్లాస్

నిన్న గచ్చిబౌలిలో మా సార్ చివరి క్లాస్‌కి వెళ్లాను. ముప్పై ఏళ్లు థియరిటికల్ ఫిజిక్స్ చెప్పిన మనిషి. ఎప్పటిలాగే చొక్కా చేతి మడతలో సుద్దపొడి. చివరి రోజూ గణితవేత్త ఎమ్మీ నోథర్ సిద్ధాంతమే: ప్రకృతి నియమాలు నిన్నా నేడూ ఒకటే కాబట్టి శక్తి నిలుస్తుంది, ఇక్కడా అక్కడా ఒకటే కాబట్టి ద్రవ్యవేగం నిలుస్తుంది. 1918లో అది అచ్చయ్యేనాటికి జర్మనీలోని గాటింగెన్ యూనివర్సిటీలో, ఆడమనిషి కాబట్టి, ఆవిడ పాఠాలు చెప్పింది తోటి గణితవేత్త హిల్బర్ట్ పేరు మీద. ఆ మాట దగ్గర సార్ ఏటా ఆగుతారు. నిన్న ఇంకాస్త ఎక్కువసేపు ఆగారు.

తర్వాత ఆయన గది సర్దాం. పాత ప్రింటు కాగితాల వెనకంతా లెక్కలే. ఒకదాని మీద ఎర్ర ఇంకుతో "మైనస్ గుర్తు తప్పు. మూడు నెలలు పోయాయి." అది నాకివ్వమని అడిగాను.

"తీసుకెళ్లమ్మా, మీ స్టూడెంట్స్‌కి చూపించు" అన్నారు.