మారీచుడి మనసులో ఏముంది?

శ్రీరామనవమి వచ్చిందంటే మా కడప జిల్లాలో ఏ పందిరి దగ్గరైనా, ఏ ఫ్లెక్సీ మీదైనా 'రామో విగ్రహవాన్ ధర్మః' అనే మాట కనిపిస్తుంది. ధర్మం మనిషి రూపం కట్టుకుని వస్తే అదే రాముడు. ఇంత తక్కువ మాటల్లో రాముణ్ణి ఇంతకన్నా గొప్పగా ఎవరూ చెప్పలేదని నా నమ్మకం. ఆ మాట అన్నది మారీచుడు. సీతమ్మ అపహరణ కోసం బంగారు లేడి వేషం వేసిన ఆ మారీచుడే.

అరణ్యకాండ 37వ సర్గలో, సాయం అడగడానికి వచ్చిన రావణుడికి బుద్ధి చెబుతూ అంటాడు ఈ మాట. ఆ సర్గలోనే ఇంకొకటి కూడా అంటాడు: "రాజా, ఇష్టమైన మాటలు చెప్పేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ అరుదే, వినేవాడూ అరుదే." రావణుడి మొహం మీదే ఇంత మాట అనగలిగినవాడు చివరికి అతడు చెప్పిన పనే ఎందుకు చేశాడు?

కాదంటే చంపుతానని రావణుడు బెదిరించాడు, ఎలాగూ చావు తప్పదు కాబట్టి అతడి చేతిలో కన్నా రాముడి చేతిలో పోవడం మేలనుకున్నాడు, లోపల భక్తుడే అని పెద్దలు చెబుతారు. 41వ సర్గలో శత్రువు చేతిలో చస్తే ధన్యుణ్ణే అని అతడే అంటాడు కూడా. కానీ ఆఖరి క్షణం గుర్తుకొస్తే ఈ జవాబు నాకు మింగుడుపడదు.

రాముడి బాణం గుండెలో దిగింది. తాటిచెట్టు ఎత్తు ఎగిరి కింద పడ్డాడు. లేడి రూపం జారిపోయింది. ఇక రావణుడు అతణ్ణి ఏం చేయగలడు? బెదిరింపు చెల్లదు, ఇస్తానన్న సగం రాజ్యం అక్కరకు రాదు. ఎదురుగా రాముడున్నాడు. నోరు మూసుకుని ప్రాణం వదిలితే చాలు, లక్ష్మణుడు పర్ణశాల వదిలేవాడే కాదు. అలాంటప్పుడు మారీచుడు రావణుడి మాట గుర్తు చేసుకున్నాడనీ, సీత లక్ష్మణుణ్ణి ఎలా పంపిస్తుందా అని ఆలోచించాడనీ వాల్మీకి రాశాడు. ఆలోచించి మరీ రాముడి గొంతుతో "హా సీతా! హా లక్ష్మణా!" అని అరిచాడు. మోక్షం కోరుకున్నవాడు చివరి ఊపిరిని ఇలా ఖర్చు పెడతాడా?

అతడికి రాముడి మీద ఉన్నది భయం. విశ్వామిత్రుడి యజ్ఞం దగ్గర పదహారేళ్లు కూడా నిండని పిల్లవాడు కొట్టిన దెబ్బకు నూరు యోజనాల అవతల సముద్రంలో పడ్డాడు. చంపడం ఇష్టం లేక వదిలేశాడు కాబట్టి బతికానని తనే ఒప్పుకుంటాడు. దండకలో మళ్లీ జింక రూపంలో మీదికి పోతే వెంట వచ్చిన ఇద్దరు చచ్చారు, తను తప్పించుకున్నాడు. అప్పటినుంచి జడలు, కృష్ణాజినం, మితాహారం. చెట్టు చెట్టులోనూ ధనుస్సు పట్టిన రాముడే కనిపిస్తున్నాడనీ, 'ర'తో మొదలయ్యే రథం, రత్నం అనే మాటలు విన్నా వణుకు పుడుతోందనీ రావణుడితో చెబుతాడు. ఏ మహాభక్తుడో చెప్పుకోవాల్సిన అనుభవం అది! కానీ ఒక్కసారి కూడా రాముడి వైపు అడుగు వేయలేదు. ఆ దండకలోనే మునుల ఆశ్రమాలు తిరుగుతూ రాముడు ఏళ్లకేళ్లు గడిపాడు. రావణుడికి ఇదే హితవు చెప్పిన విభీషణుడు, వినకపోతే సముద్రం దాటి వెళ్లి శరణు అన్నాడు. మారీచుడు రావణుడి రథం ఎక్కాడు.

ఇక్కడ నన్ను చాలా కాలంగా పట్టి ఉంచిన సంగతి ఒకటి ఉంది. యజ్ఞం కథంతా రావణుడికి పూసగుచ్చినట్టు చెబుతాడే గానీ, తల్లి తాటక ఊసే ఎత్తడు. ఆమెను చంపింది రాముడే. ఏ కొడుకు మరిచిపోతాడు? వాల్మీకి ఏమీ అనలేదు, కాబట్టి ఇది నా ఊహ అనే చెబుతున్నాను: జడల కింద, నారచీర కింద ఆ పగ కదలకుండా కూర్చుంది. భయం ఉన్నన్నాళ్లూ దానికి నోరు లేదు. బాణం దిగాక భయం పోయింది, అది గొంతు విప్పింది. బయలుదేరేముందు రావణుడు అతణ్ణి కౌగిలించుకుని "ఇప్పుడు నువ్వు మారీచుడివి, ఇందాక ఎవరో వేరే రాక్షసుడివి" అంటాడు. మనిషిని సరిగ్గా అంచనా కట్టింది ఆ ఒక్కడే అనిపిస్తుంది.

అధ్యాత్మ రామాయణంలో మారీచుడి దేహం నుంచి లేచిన తేజస్సు రాముడిలోనే కలిసిపోతుంది, దేవతలు ఆశ్చర్యపోతారు. నాకది మారీచుడి భక్తికి రుజువుగా కాదు, రాముడి దయకు గుర్తుగా కనిపిస్తుంది. తన గొంతునే దొంగిలించి తన ఇల్లాలికి కీడు చేసినవాణ్ణి కూడా ఆయన కాదనలేదు.

మా జిల్లాలోని ఒంటిమిట్ట రామాలయం గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు. పక్కన హనుమంతుడు లేడు, ఆయనకు ఎదుట వేరే గుడి ఉంది. హనుమను కలవకముందు, వనవాసంలో ఉన్న రాముడని మావాళ్లు చెప్పుకుంటారు. ఆ ముగ్గురినీ విడదీసింది మారీచుడి కేకే. ఆ గుడి కట్టించింది మాత్రం, ఊళ్లో చెప్పుకునే కథ ప్రకారం, ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు. మనసు మారి స్వామి దగ్గరికి వచ్చినవాళ్లు. వాళ్లకు శ్లోకాలు తెలుసని ఎవరూ అనరు.

నవమి పారాయణ అంటే చాలామంది బాలకాండ, సుందరకాండ చదివి ఊరుకుంటారు. ఈసారి అరణ్యకాండ 36 నుంచి 44వ సర్గ దాకా చదవండి, తాత్పర్యంతో అయినా సరే. ఒంటిమిట్టలో కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది, జనం సాయంత్రమే చేరుకుంటారు. ఆ తొమ్మిది సర్గలకూ అక్కడ కూర్చున్న సమయం సరిపోతుంది.