వాడేవారి భాషా జాబితాతో కుస్తీ: నా అనుభవం

మా యాప్‌లో ఏ భాష చూపించాలో తేల్చే భాగాన్ని కొత్తగా రాసే పని నాకు అప్పగించారు. పాత పద్ధతి ఫోన్‌లో మొదట ఉన్న భాషను మాత్రమే చూసేది. ఆ అనువాదం లేకపోతే నేరుగా ఇంగ్లీష్. ఆండ్రాయిడ్ 7.0 వచ్చిన 2016 నుంచీ ఫోన్‌లో భాషల జాబితానే పెట్టుకోవచ్చు. తెలుగు, హిందీ, ఇంగ్లీష్ అని వరుసగా పెట్టుకున్న మనిషికి, మన దగ్గర తెలుగు లేకపోయినా హిందీ ఉందంటే, హిందీ ఇవ్వాలి కదా! బ్రౌజర్ కూడా యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్‌లో (ప్రతి అభ్యర్థనతో సర్వర్‌కు వెళ్లే సమాచారపు వరుసలో) ఇలాంటి జాబితానే, 0 నుంచి 1 దాకా ప్రాధాన్యాలతో పంపుతుంది. వాళ్లు అంత స్పష్టంగా చెబుతుంటే వినకపోవడం నాకు అన్యాయంగా అనిపించింది.

ముందు ఆర్‌ఎఫ్‌సీ 4647 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోని లుకప్ పద్ధతి పెట్టాను. భాష కోడ్‌ను (భాష, దేశం ముక్కలు కలిపి రాసే fr-CA లాంటి గుర్తును) చివరి నుంచి ఒక్కో ముక్కా తీసేస్తూ వెతకడమే అది. కెనడా ఫ్రెంచ్ లేకపోతే మామూలు ఫ్రెంచ్ దొరుకుతుంది, బాగానే ఉంది. చిక్కంతా చైనీస్‌తో వచ్చింది. తైవాన్ చైనీస్‌లో దేశం తీసేస్తే ఉత్త చైనీస్ మిగులుతుంది. మా దగ్గర ఆ ఫైలు సరళీకృత లిపిలో ఉంది, తైవాన్‌లో చదివేది సంప్రదాయ లిపి. మెక్సికో స్పానిష్‌దీ అదే కథ: లాటిన్ అమెరికా స్పానిష్ సిద్ధంగా ఉన్నా, దాన్ని దాటేసి స్పెయిన్ స్పానిష్‌కి పోయేది. హీబ్రూకైతే పాత కోడ్ ఒకటి, కొత్త కోడ్ ఒకటి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో 17కి ముందు వెర్షన్లు పాతదే ఇస్తాయి.

కోడ్ అక్షరాలు కత్తిరించినంత మాత్రాన భాషల చుట్టరికం తెలియదు. అక్షరాల ప్రమాణాలు చూసే యూనికోడ్ సంస్థ వాళ్ల సీఎల్‌డీఆర్ అనే భాషా సమాచార భాండారంలో అది ఉంది: తైవాన్ అంటే ఏ లిపి, మెక్సికో తర్వాత ఎటు వెళ్లాలి, ఏ భాషకు ఏది ఎంత దూరం. ఆ డేటాతోనే పనిచేసే ఐసీయూ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోని లొకేల్‌మ్యాచర్‌కి (భాషలను జతచేసే భాగానికి) మారాం. బ్రెజిల్ పోర్చుగీస్ అడిగినవారికి, జాబితాలో రెండోదైన స్పానిష్ కంటే ముందు పోర్చుగల్ పోర్చుగీస్ వెళ్తుంది. నా దృష్టిలో అదే సరైనది.

ఒక్క విషయంలో నేను పట్టు విడవలేదు. సెట్టింగ్స్‌లో మనిషి చేత్తో ఎంచుకున్న భాష అన్నిటికన్నా పైన ఉండాలి. ఐపీ చిరునామా (మనిషి ఎక్కడున్నాడో సూచించే నెట్ చిరునామా) చూసి భాష మార్చాలన్న ప్రతిపాదనను అందుకే ఒప్పుకోలేదు. ప్రయాణంలో ఉన్నంత మాత్రాన చదివే భాష మారదు.

సర్వర్ తనంతట తాను ఈమెయిళ్లు పంపేటప్పుడు, బ్రౌజర్ పంపే ఆ భాషల హెడర్ చేతిలో ఉండదు. అందుకని చివరిగా వాడిన భాషను ఖాతాలో భద్రపరుస్తున్నాం.