చైనా కంచు 'గె' తయారీ: పోత అయ్యింది, కర్రకట్టు మిగిలింది

గె పోత బాగా వచ్చింది. ఆకురాయి పని కూడా చివరికొచ్చింది. మూడు వేల ఏళ్లకు పైబడిన షాంగ్ రాజవంశ కాలం నుంచి వెయ్యేళ్లకు పైగా చైనా సైన్యాల చేతుల్లో ఉన్న ఆయుధం ఇది. మామిడికాయలు కోసే దోటికి కొడవలి కట్టినట్టు, కర్రకు బాకు అడ్డంగా ఉంటుంది. కొట్టడానికి, మెడకో చేతికో తగిలించి లాగడానికి వాడేవాళ్లు. రథం మీదివాళ్లకు 3 మీటర్ల కర్ర, కాలిబంటుకు పొట్టిది.

నమూనాను తెల్ల పొణికి చెక్కలో 22 సెంటీమీటర్లకు చెక్కాను. అచ్చు రెండు పలకలది: చెరువు మట్టి, సన్న ఇసుక, ఊక బూడిద. షాంగ్ పోతగాళ్లవీ మట్టి అచ్చులే. నీడలో ఆరాక బొగ్గుల్లో ఎర్రగా కాల్చాను. అచ్చులో తడి మిగిలితే కరిగిన లోహం ఎగజిమ్ముతుంది, కాబట్టి ఇక్కడ తొందర అసలు పనికిరాదు.

'కావో గోంగ్ జీ' అనే పాత చైనా గ్రంథం గెకు తగరం పాలు చెబుతుంది. ఆ వాక్యాన్ని చదివే తీరును బట్టి అది 20 శాతమో, 25 శాతమో అవుతుంది. తవ్వకాల్లో దొరికిన వాటిలో చాలాసార్లు అంతకన్నా తక్కువే ఉంది. తగరం పెరిగితే గట్టిదనంతో పాటు పెళుసుదనమూ వస్తుంది. అందుకే రాగి 870 గ్రాములు, తగరం 130 గ్రాములు తీసుకున్నాను. ముందు రాగి కరిగించి, పైన బొగ్గు కప్పి, తగరం ఆఖర్లో వేయాలి. పోసేటప్పుడు వేడి 1100 డిగ్రీలు దాటాలి. పాత ఇత్తడి ముక్కలు మాత్రం కలపొద్దు, జింకు పొగ ప్రమాదం. పని ఆరుబయటే. తోలు గ్లౌజులు, బూట్లు, ముఖానికి షీల్డు తప్పనిసరి.

అసలు నన్ను పట్టేసింది కర్రకు కట్టే చోటు. తొలి షాంగ్ గెలకు వెనక, కర్రకు బిగించే తోక ఒక్కటే. గట్టిగా కొడితే బాకు వదులవుతుంది. తర్వాతి తరాలవాళ్లు బాకు మొదలును కర్ర వెంట కిందికి సాగదీసి, దానికి చిల్లులు పెట్టారు. చిల్లులు పెరిగేకొద్దీ కట్టు బిగిసింది. నా ముక్కకు మూడు చిల్లులు. ఒక గె యుద్ధానిదా, ఊరేగింపుదా అంటే నేను ముందు చూసేది పదును కాదు, ఈ కట్టు. షాంగ్ రాజధానిగా ఉన్న ఆన్యాంగ్‌లో తోక వంచి, నీలిపచ్చ రాళ్లు పొదిగిన పల్చటి గెలు దొరికాయి. జేడ్ రాతి బాకుకు కంచు పిడి వేసినవీ ఉన్నాయి. వాటితో ఎవరూ రథాలను ఎదుర్కోలేరు.

1976లో అక్కడే తవ్విన షాంగ్ రాణి ఫూ హావో సమాధిలోని పెద్ద గొడ్డలి బరువు దాదాపు 9 కిలోలు. దాని మీద రెండు పులుల నోళ్ల మధ్య మనిషి తల. ఈ రాణి సైన్యాన్ని నడిపిందని జోస్యం చూడటానికి వాడిన ఎముకల మీది రాతలు చెబుతాయి. అంత బరువు చేతిలో తిప్పడానికి కాదు, సేనాధికారం ఎవరిదో చూపడానికని నా నమ్మకం.

ఇక కర్ర. పాత చైనాలోని జెంగ్ అనే చిన్న రాజ్యపు పాలకుడు యీ సమాధిలో (1978) దొరికిన పొడుగు కర్రల్లో చెక్క చుట్టూ వెదురు బద్దలు కట్టి లాకర్ (చెట్టు పాల పూత) పూశారు. నేనూ అదే పద్ధతిలో, కోడిగుడ్డు ఆకారపు అడ్డుకోత వచ్చేలా చెక్కుతున్నాను. గుండ్రంగా ఉంటే చీకట్లోనో, గందరగోళంలోనో బాకు ఎటు తిరిగిందో చేతికి తెలియదు. నానబెట్టిన తోలు పట్టీ చిల్లుల గుండా బిగించి, ఆరాక అరటి బోదెకు తగిలించి లాగి చూస్తాను. అంచుకు పదును పెట్టను. కట్టు కదిలితే మరో చిల్లు వేస్తాను.