పుట్టినరోజు, పాయసం, 55 కిలోలు

డిసెంబర్ 5, 2024. గురువారం.

పొద్దున ఆరింటికి కొట్టు షట్టర్ ఎత్తి లోపలికి తిరిగేసరికి మావాడు బస్తాలు తూచే కాటా ఎక్కి నిలబడి ఉన్నాడు. ఇంట్లోంచి కొట్లోకి వెనక తలుపు ఒకటుంది, అందులోంచి వచ్చినట్టున్నాడు. చొక్కా లేదు, నిక్కరే. "హ్యాపీ బర్త్‌డే రా నాన్నా" అంటూ దగ్గరికి వెళ్ళబోతే, "ఉండు నాన్నా, తాకకు, మారిపోద్ది" అన్నాడు. ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి 54.700 దగ్గర ఆగాయి. అప్పుడు దిగి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ముందు కాటా, తర్వాత తండ్రి. వరస అదీ.

సంగతేంటంటే, ఆదివారం పొద్దున కబడ్డీ సబ్ జూనియర్స్ జిల్లా జట్టుకి సెలక్షన్స్ ఉన్నాయి. ఆ విభాగంలో మగపిల్లలకి వయసు 16 దాటకూడదు, బరువు 55 కిలోలు దాటకూడదు. వయసుతో ఇబ్బంది లేదు, ఈ రోజుతో పదిహేను నిండాయి. బరువుతోనే వచ్చింది తంటా. జూన్‌లో 50 ఉన్నవాడు ఈ ఆర్నెల్లలో పొడుగూ బరువూ పోటీపడి పెరుగుతున్నాడు. రోజూ గ్రౌండ్‌లో అంత చెమట కారుస్తాడు కదా, మరి ఈ బరువంతా ఎక్కణ్ణించి వస్తోందో తెలీదు. తెలీకపోవడమేంటిలే, రాత్రిపూట అన్నంలోకి ఎంత పెరుగు వేసుకుంటాడో చూసినవాళ్ళకి బాగానే తెలుస్తుంది.

మాది బాపట్లలో చిన్న బియ్యం కొట్టు. బీపీటీ బియ్యం అని దేశమంతా అడిగి తీసుకుంటారే, ఆ బీపీటీ మా ఊరే. 1986లో ఇక్కడి పరిశోధన కేంద్రంలోంచే బీపీటీ 5204 బయటికొచ్చింది, సాంబ మసూరి అన్నా అదే. కొట్లో బస్తాలు ఇప్పుడు ఎక్కువగా 26 కిలోలవే. 2022లో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద జీఎస్టీ వేశారు, దాంతో అందరూ ఇంకో కిలో కలిపి బస్తా కుట్టేశారు. మనవాళ్ళ తెలివికి ఏ పన్నూ సరిపోదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాకు ఏ బరువైనా బస్తాల్లోనే అర్థమవుతుంది. మావాడు ఈ పొద్దున్నకి రెండు బస్తాలా రెండు కిలోల ఏడొందల గ్రాములు.

పోయిన పుట్టినరోజు నాకు బాగా గుర్తుంది. మర్చిపోదామన్నా కుదరదు, 2023లో సరిగ్గా ఇదే రోజు మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. కేకు ఆర్డర్ ఇచ్చిన బేకరీ తియ్యలేదు, కరెంటు లేదు, చుట్టుపక్కల ఊళ్ళలో కోసిన వరి పనల మీదే మునిగిపోయింది. కొట్లో వెనక గోడవైపు రేకుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. హమాలీలని పిలుద్దామంటే ఆ గాలిలో ఎవరొస్తారు? నేనూ మావాడూ బస్తాలన్నీ ఆ మూల నుంచి ఈ మూలకి మోసి చెక్క బల్లల మీదకి ఎత్తాం. కొవ్వొత్తి ఒకటి గల్లాపెట్టె మీద. నేను పదో బస్తాకే నడుం పట్టుకుని కూలబడ్డాను. వాడు లెక్కపెట్టుకుంటూ మోస్తూనే ఉన్నాడు, మధ్యలో ఒకసారి "నాన్నా, నువ్వు టార్చి పట్టుకో చాలు" అన్నాడు. పద్నాలుగేళ్ళ పిల్లాడు. నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెం ఇంకేదో అయింది. ఆ రాత్రి దాకా వాడు గ్రౌండ్‌కి పోయి ఏం చేస్తున్నాడో నేను పెద్దగా పట్టించుకోలేదు. స్కూలు అయ్యాక గంటా గంటన్నర కనపడకపోతే ఎక్కడో తిరుగుతున్నాడని తిట్టేవాణ్ణి.

నిజానికి నాకు ఆ ఆట కొత్త కాదు. మా చిన్నప్పుడు కబడ్డీ అని ఎవరన్నారు, చెడుగుడు అనేవాళ్ళం. పంట కాలవ ఎండిపోతే అందులో ఇసుక మీద ఆడేవాళ్ళం. సంక్రాంతికి పందేలు జరిగేవి. మా నాన్న చూస్తే మాత్రం వీపు చిట్లగొట్టేవాడు, దెబ్బలు తగుల్తాయని కాదు, బట్టలు చిరుగుతాయని. ఇప్పుడది టీవీలో కొచ్చింది. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచీ మా ఇంట్లో తెలుగు టైటాన్స్ మ్యాచ్ ఉన్న రోజు సీరియల్ బంద్. పోయిన సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచారు. ఆ రెండూ మేం చూశాం, మిగతా ఇరవై కూడా చూశాం. మావాడికి ఓపిక ఎక్కణ్ణించి వచ్చిందంటే అక్కణ్ణించే అనుకుంటా.

ఈ ఏడాది వీళ్ళ స్కూలు జట్టు మండలంలో గెలిచి జిల్లా పోటీలకి వెళ్ళింది. పదో తరగతిలో ఆటలేంటని చుట్టాల దగ్గర్నుంచి ట్యూషన్ మాస్టారి దాకా అందరూ అన్నారు. మా ఆవిడ కూడా అంది, కానీ మ్యాచ్ రోజు పొద్దున నాలుగింటికి లేచి పులిహోర కలిపి పదిహేను మందికి సరిపడా కట్టింది కూడా ఆవిడే. రేపల్లె వైపు ఒక ఊళ్ళో జరిగాయి. నేను కొట్టు మా బావమరిదికి అప్పజెప్పి వెళ్ళాను. నేను వస్తున్నానని వాడికి చెప్పలేదు, చెబితే వద్దంటాడు.

మావాడు లెఫ్ట్ కార్నర్. తెలీనివాళ్ళ కోసం చెప్పాలంటే, అవతలి వాడు కూతకొచ్చినప్పుడు ఏడుగురు వంపుగా నిలబడతారు, ఆ వంపుకి ఒక చివర వీడు. కూతకెళ్ళి నలుగుర్ని తాకి వచ్చేవాడికి ఈలలు, చప్పట్లు. మూలన నిలబడేవాడి మీద ఎవరి కన్నూ ఉండదు, కాలు పట్టిన ఆ ఒక్క క్షణం తప్ప. నా ఫోన్‌లో ఆ రోజు తీసిన వీడియోలన్నిట్లోనూ కూతకొచ్చినవాడు మధ్యలో ఉంటాడు, మావాడు అంచున సగం ఉంటాడు. ఒకదాంట్లోనైతే మోచేయి మాత్రమే ఉంది. అయినా అది డిలీట్ చెయ్యలేదు.

నేను అక్కడ చూసిందేంటంటే వాడి చెయ్యి. కార్నర్‌లో ఉన్నవాడు పక్కవాడి చెయ్యి పట్టుకుని ఆడాలి, అదే చెయిన్. ఆ పక్కవాడు ఎనిమిదో తరగతి పిల్లాడు, గాలికి కొట్టుకుపోయేలా ఉన్నాడు. కూతకొచ్చినవాడు అటు కదిలితే వీళ్ళిద్దరూ ఒక్కడిలాగా అటు, ఇటొస్తే ఇటు. ఆ చిన్నాడు తొందరపడి ముందుకి ఉరకబోయినప్పుడల్లా మావాడు వాడివైపు చూడకుండానే చెయ్యి ఒక్క లాగు లాగేవాడు. అంతే, మళ్ళీ సర్దుకునేవాడు. మధ్యలో విరామం వస్తే ఇద్దరూ అరచేతులు నిక్కర్లకి తుడుచుకుని, మట్టి రుద్దుకుని, మళ్ళీ పట్టుకునేవాళ్ళు. ఏడో తరగతి నుంచి రోడ్డు దాటేటప్పుడు కూడా నా చెయ్యి పట్టుకోనివాడు. పట్టుకోబోతే విదిలించుకునేవాడు, ఫ్రెండ్స్ చూస్తారని. ఇక్కడ అందరూ చూస్తుండగా అరగంటసేపు ఒక పిల్లాడి చెయ్యి వదల్లేదు.

సెమీస్‌లో ఓడిపోయారు. 31-27. అందులో ఒక్కటి మాత్రం రాసి పెట్టుకోవాలి. మనవాళ్ళు ముగ్గురే మిగిలారు, అవతల్నుంచి వాళ్ళలో బాగా ఆడేవాడే వచ్చాడు, పొడుగాటి మనిషి, మీసం కూడా వచ్చేసింది. ముగ్గురే ఉన్నప్పుడు పట్టేస్తే రెండు పాయింట్లు. వాడు అదనపు పాయింటు కోసం బోనస్ గీత దాటి కాలు పెడుతున్నట్టు నటించాడు, మావాడు కదల్లేదు. ముగ్గురుంటే బోనస్ లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. రెండోసారి కాలు చాపాడు. మావాడు కిందకి వెళ్ళడం నేను చూడనే లేదు, చూసేసరికి మడమ రెండు చేతుల మధ్య ఉంది. అవతలివాడు ఆ కాలు విదిలిస్తే మోకాలు మావాడి మూతికి తగిలింది, పెదవి చిట్లింది, అయినా వదల్లేదు. మిగతా ఇద్దరూ వచ్చి మీద పడ్డారు. నేను ఏం అరిచానో నాకు తెలీదు కానీ పక్కనున్న పెద్దాయన "మీ వాడా బాబూ?" అని అడిగాడు. "అవునండీ" అన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో వ్యాపారం చేస్తున్నాను, ఏ మాటా అంత గట్టిగా చెప్పి ఉండను.

మ్యాచ్ అయ్యాక నన్ను చూసి వాడు అన్న మొదటి మాట, "కొట్టు ఎవరు చూస్తున్నారు?"

సరే, ఈ రోజు సంగతి. స్కూల్లో చాక్లెట్లు పంచాడు, ఒక్కటీ తినలేదట. వాళ్ళ పీఈటీ సారు మంచాయన. కడుపు మాడ్చుకుని బరువు తగ్గినవాణ్ణి నేనసలు గ్రౌండ్‌లోకే రానివ్వను, 55 దాటితే దాటనీ, జూనియర్స్‌లో ఆడదువుగాని అని చెప్పాడట. చెప్పినా వీళ్ళు వింటారా? మధ్యాహ్నం క్యారేజీ సగం వెనక్కి తెచ్చాడు. అది చూసి మా ఆవిడ అగ్గి మీద గుగ్గిలం అయింది. "పుట్టినరోజు నాడు అన్నం పారేస్తావా? ఆ ఆటా వద్దు, ఆ జట్టూ వద్దు" అని మొదలుపెట్టి, నన్ను కూడా అందులోకి లాగి, చివరికి అంతటికీ కారణం నేనే అని తేల్చింది. నేను బేరం చూసుకుంటున్నట్టు నటించాను. ఎవరో అరబస్తా కావాలని వచ్చారు, ఆయన్ని అరగంట కూర్చోబెట్టాను.

సాయంత్రం పాయసం చేసింది. సేమియా కాదు, బియ్యం పాయసం, కొట్లో కొత్తగా వచ్చిన బస్తా విప్పి ఆ బియ్యంతో, బెల్లం వేసి. కేకు వద్దన్నాడు గానీ పాయసం వద్దని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. మొదట ఒక్క స్పూనే అన్నాడు. గిన్నెలో వేసి ముందు పెట్టాక కాసేపు దాన్నే చూశాడు. జీడిపప్పు ఒకటి ఏరుకుని తిన్నాడు. తర్వాత ఇక లెక్కలు మానేశాడు. రెండు గిన్నెలు. వాళ్ళమ్మ మూడోది వెయ్యబోతే గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు గానీ, ఆ చెయ్యి మ్యాచ్‌లో పెట్టినంత గట్టిగా లేదు, ఇంకో గరిటె పడింది.

రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించాక మళ్ళీ కాటా ఎక్కాడు. 55.250.

కిందకి దిగి, కాటా కింద ఏమైనా ఇరుక్కుందేమో అని వంగి చూసి, "నాన్నా, ఈ కాటా కరెక్టేనా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఏ బేరగాడూ నా మొహం మీద అడగని మాట కన్నకొడుకు అడిగాడు. తూనికలు కొలతల వాళ్ళు వేసిన ముద్ర చూపించాను. వాడికి చాల్లేదు. మూలనున్న 26 కిలోల బస్తా ఒకటి భుజానికెత్తుకొచ్చి కాటా మీద పెట్టాడు. 26.100. "చూశావా, వంద గ్రాములు ఎక్కువ చూపిస్తోంది" అన్నాడు. "అది సంచి బరువురా" అన్నాను. కొంచెం ఆలోచించి బనియన్ విప్పి మళ్ళీ ఎక్కాడు. 55.150.

"పొద్దున్నకి తగ్గుతుందిలే, రాత్రి ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది" అన్నాను. వాడు వినలేదు. నుదుటి మీద పడుతున్న జుట్టుని వేళ్ళతో పైకి లాగి చూసుకుంటున్నాడు. "నాన్నా, క్రాప్ చేయిస్తే ఎంత తగ్గుతుంది?"

లోపల్నుంచి గిన్నెలు కడుగుతూనే వాళ్ళమ్మ జవాబు చెప్పింది. "రేపు శుక్రవారం. ఎల్లుండి శనివారం, నువ్వు పుట్టిన వారం. కత్తెర పెట్టేదే లేదు."