వారం ఆలస్యంగా వచ్చిన సలహా

2018 మార్చి 4న ఇంగ్లండులోని సాలిస్‌బరీలో రష్యా మాజీ గూఢచారి సెర్గీ స్క్రిపాల్, ఆయన కూతురు నోవిచోక్ అనే నరాల విషం తగిలి ఓ బెంచీ మీద స్పృహతప్పి కనిపించారు. ఆ మధ్యాహ్నం 1:30 నుంచి మర్నాడు రాత్రి మూసేదాకా వాళ్లిద్దరూ అంతకుముందు వెళ్లిన జిజ్జీ రెస్టారెంటుకో, మిల్ పబ్బుకో వెళ్లినవాళ్లు 500 మంది దాకా ఉంటారు. వాళ్లకు ఆరోగ్య అధికారుల సూచనలు అందింది 11న. జనం మండిపడింది అక్కడే. ఈలోగా అవే కోట్లు ఎన్నిసార్లు తొడుక్కుని ఉంటారు!

ఆ సూచనలివి: ఆ రోజు బట్టల్ని మామూలు డిటర్జెంటుతో మెషీన్లో వేయాలి. డ్రైక్లీనింగువైతే రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూతికట్టి పక్కన పెట్టాలి. ఫోన్లు, హ్యాండ్‌బ్యాగులు బేబీ వైప్స్‌తో తుడిచి, ఆ వైప్స్‌ని సంచిలో చుట్టి చెత్తలో పడేయాలి. నగలు, కళ్లజోళ్లు గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి చన్నీళ్లతో తొలవాలి.

'ఇంత విషానికి బేబీ వైప్సా?' అన్న వెటకారం సహజమే, కానీ సరికాదు. నోవిచోక్ త్వరగా ఆవిరైపోదు, పట్టుకున్నచోటే ఉంటుంది. అధికారుల భయం ఒక్కసారి తాకడం గురించి కాదు, మిగిలిన అణుమాత్రం వారాలు, నెలల తరబడి చర్మానికి తగలడం గురించి.

ఉతుకుడుకి అందని ముప్పు వేరే ఉంది. జూన్ 30న పక్కనే ఉన్న ఏమ్స్‌బరీలో ఇద్దరు పడిపోయారు, ఒకరు జులై 8న చనిపోయారు. విషం ఉన్నది నకిలీ సెంటుసీసాలో. 'మీరు పడేయనిదేదీ ఎత్తొద్దు' అన్న హెచ్చరిక గట్టిగా వినపడింది ఆ తర్వాతే.